మనసులో అనుకున్న ముక్క వాడికెట్టా తెలిసింది?

పోయిన మాఘంలో గుంటూరులో మా అన్నయ్య పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున మూడు దాటాక, అంటే రాత్రంతా జాగారమే, మా వాళ్ళకి జాగారం అంటే పేకాట అని వేరే చెప్పక్కర్లేదు. అరండల్‌పేటలో కల్యాణ మండపం, పైన మాకిచ్చిన హాల్లో జంపఖానాలు పరిచి బాబాయిలు, మావయ్యలు రమ్మీకి కూర్చున్నారు. నాకు పన్నెండేళ్ళుగా పేక ముక్కల మ్యాజిక్ అంటే ప్రాణం, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆట మధ్యలో కాఫీలొచ్చినప్పుడు మా మేనత్త వచ్చి పక్కన కూర్చుని "ఏదీ అబ్బాయ్, ఏదో చేస్తావంటగా, నాకోటి చూపించు" అంది.

ఇరవై ఒక్క ముక్కలు తీసి మూడు వరసల్లో, వరసకి ఏడు చొప్పున, బొమ్మ పైకి కనపడేలా పరిచా. "ఒక ముక్క మనసులో అనుకో అత్తా, పేరు చెప్పొద్దు, వేలు పెట్టి చూపించొద్దు, ఏ వరసలో ఉందో అది మాత్రం చెప్పు" అన్నా. చెప్పింది. ఆ వరసని మిగతా రెండు వరసల మధ్యలో పెట్టి ఎత్తి, వరసకొక ముక్క చొప్పున పంచుతూ మళ్ళీ పరిచా, మళ్ళీ అడిగా, మళ్ళీ చెప్పింది, అట్టా మూడుసార్లు. మన ఊళ్ళలో చిన్నప్పుడు ఈ ట్రిక్ చేయనివాళ్ళు తక్కువ, మూడోసారి ఎత్తాక పదకొండో ముక్క లెక్కపెట్టి తీసి ఇదేగా నీది అంటారు, చూసినవాళ్ళు ఏదో లెక్క ఉందిలే అని లేచిపోతారు.

నేను లెక్కపెట్టలా. మూడోసారి వరస చెప్పగానే ముక్కలన్నీ పోగుచేసి పేక మొత్తం బాబాయి చేతికిచ్చేశా, కాఫీ తాగా, పెళ్ళికూతురి గురించి రెండు మాటలు మాట్లాడా. ఆ తర్వాత అత్త మణికట్టు పట్టుకుని "ఇప్పుడు ఆ ముక్కని లోపల్లోపల నాకు చెప్పు, నోరు కదపకుండా" అన్నా. ఎరుపు కాదు అన్నా. ఆగి, ఇస్పేటూ కాదు, కళావరు అన్నా. ఇంకొంచెం ఆగి, బొమ్మ ముక్క కాదు, ఏడు అన్నా. అత్త నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా లోపలికి చూశావేందిరా" అంది, గొంతులో నిజంగా భయం ఉంది.

పొద్దున టిఫిన్ల దగ్గర ఆ సంగతి పిన్నికి చెప్తోంది, నేను చట్నీ గిన్నె పట్టుకుని వెనకే ఉన్నా. "పేక ముట్టుకోను కూడా ముట్టుకోలేదే వాడు, ఊరికే ఒక ముక్క అనుకోమన్నాడు, చెయ్యి పట్టుకుని చెప్పేశాడు." ఇరవై ఒక్క ముక్కలు లేవు, మూడుసార్లు పరవడం లేదు, మూడు ప్రశ్నలూ లేవు. మా అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆమెకి గుర్తున్నది అంతే. కార్డ్ మ్యాజిక్‌లో మనసు చదవడం అనే రకానికి మామూలు జనం ఎందుకు అంత కదిలిపోతారు అని నన్నెవరన్నా అడిగితే, ఆ రాత్రి పన్నెండింటికీ పొద్దున ఏడింటికీ మధ్య మా అత్త బుర్రలో జరిగిందే దానికి జవాబు అంటాను.

ముందు లెక్క చూద్దాం, కష్టమేం కాదు. ఏ వరస అని అడిగినప్పుడల్లా జవాబు మూడింట్లో ఒకటి. మూడుసార్లు అడిగితే మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ఉన్నవి ఇరవై ఒక్క ముక్కలే. అంటే మూడు జవాబుల్లో ఆ ముక్క పేరు పూర్తిగా వచ్చేసినట్టే, ఇంకా మిగులు కూడా ఉంది. మొదటి జవాబుకి ఇరవై ఒకటి కాస్తా ఏడవుతుంది, ఆ ఏడూ మధ్యలోకి వెళ్ళి రెండోసారి పరిచినప్పుడు మూడు వరసల్లోకీ చీలిపోతాయి, రెండో జవాబుకి రెండో మూడో మిగులుతాయి, మూడోసారి అవి వరసకొకటి చొప్పున నడిమధ్యలో పడతాయి. ఏ వరసంటే ఆ వరసలో నాలుగో ముక్క, అంతే. బొమ్మలు పైకే ఉంటాయి కాబట్టి ఒక్క చూపు చాలు, మిగతాదంతా కాఫీ.

అంటే మా అత్త తన ముక్క పేరు నాకు తనే చెప్పింది, మూడు ముక్కలుగా విరిచి చెప్పింది. కానీ చెప్పినట్టు ఆమెకి అనిపించలా, ఎందుకంటే "ఏ వరస" అనేది ఆమె దృష్టిలో రహస్యంలో భాగం కాదు, నాకు చేసిన చిన్న సాయం. రహస్యం అంటే పేరు, అది గుండెల్లో భద్రంగా ఉంది. మనం ఇచ్చినదాన్ని మనం ఎంత తక్కువగా లెక్కేసుకుంటామో ఆశ్చర్యం అంత పెద్దదవుతుంది. ఈ తరహా ట్రిక్కులు దాదాపు అన్నీ ఈ సందులోనే నడుస్తాయి, విషయం చూసేవాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది లేదా వాళ్ళకి తెలియకుండా వాళ్ళ చేతికి వెళ్తుంది, ఈ రెంటిలో ఏది జరిగినా వాళ్ళు మాత్రం ఏమీ జరగలేదనే అనుకుంటారు.

ఇంక మధ్యలో ఆ కాఫీ. అది ఊరికే తాగలేదు. పని అయిపోయిన క్షణానికీ ఫలితం చూపించే క్షణానికీ మధ్య కాస్త కాలం నడిస్తే చూసేవాళ్ళ మనసు ఆ రెంటినీ కలపదు, ముక్కలు పరవడం ఒక సంగతి, చెయ్యి పట్టుకోవడం ఇంకో సంగతి అయిపోతాయి. చెయ్యి పట్టుకున్నప్పుడు గుండె దడదడలాడింది కాబట్టి అది గుర్తుండిపోతుంది, ముక్కలు పరిచినప్పుడు విసుగ్గా ఉంది కాబట్టి అది తెల్లారేసరికి రాలిపోతుంది. ఇంద్రజాలికుడు ఆ రాత్రి చేసింది సగం, మిగతా సగం పని చూసినవాళ్ళే ఇంటికెళ్ళి పూర్తి చేసి ఊరంతా చెప్తారు.

మా బాబాయి సంగతి ఇంకోలా ఉంటుంది. ఆయన నలభై ఏళ్ళుగా రమ్మీ ఆడుతున్నాడు, ఎవడన్నా ఒక ముక్క అరచేతిలో దాచాడంటే అవతలి గోడ దగ్గర్నుంచి పట్టేస్తాడు. అత్త భయపడటం చూసి "దానికేం తెలుసురా, నా ముందు చెయ్యి" అని పేక తనే తీసుకున్నాడు, నాలుగైదుసార్లు కలిపాడు, కలిపి నాకిచ్చాడు. తీసుకునేటప్పుడు అడుగు ముక్క నా కంట పడింది, అంతకంటే నేను చేసిందేం లేదు. విసనకర్రలా విప్పా, ఒకటి లాగాడు, చూసుకున్నాడు, పేక మీద పెట్టించి సగానికి కోసి కింద సగం పైన వేశా. ఇప్పుడు నేను చూసిన అడుగు ముక్క సరిగ్గా ఆయన ముక్క నెత్తిన కూర్చుంది. "ఇంక నీ ఇష్టం బాబాయ్, కడుపునిండా కొయ్యి" అన్నా. కోశాడు, మళ్ళీ కోశాడు, మూడోసారీ కోశాడు.

ఈ కోత దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పేకాట తెలిసినవాళ్ళు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. మన ఆటల్లో కోత అంటే నమ్మకం, పంచేవాడు ఎవడైనా పక్కవాడు కోశాకే పంచాలి, కోయనివ్వకపోతే ఆట మధ్యలో లేచిపోయే మనుషులున్నారు. కోస్తే ముక్కలు కలిసిపోతాయని చిన్నప్పట్నుంచీ చేతులకే నేర్పేశాం. నిజానికి కోతలో ఏమీ కలవదు. గడియారంలో అంకెలు చూడండి, పన్నెండు దగ్గర మొదలెట్టి చదివినా ఐదు దగ్గర మొదలెట్టి చదివినా ఏడు తర్వాత ఎనిమిదే వస్తుంది. కోత కూడా అంతే, ఎక్కణ్ణుంచి మొదలవ్వాలనేది మారుతుంది గానీ ఎవడి పక్కన ఎవడున్నాడనేది మారదు. వందసార్లు కోసినా నా అడుగు ముక్క వెనకే ఆయన ముక్క ఉంటుంది, మరీ సరిగ్గా ఆ రెంటి మధ్యే కోత పడితే తప్ప, అప్పుడు కూడా ఒకటి అడుగునా ఇంకోటి నెత్తినా దొరుకుతాయి.

ఒక్కో ముక్కా తిప్పుతూ "నేను ముక్కలు చూడను బాబాయ్, నీ కళ్ళే చూస్తా" అన్నా. నా గుర్తు ముక్క వచ్చింది, దాని తర్వాత డైమను తొమ్మిది వచ్చింది, అక్కడ ఆగకుండా ఇంకో నాలుగు తిప్పేసి వెనక్కొచ్చి డైమను తొమ్మిది మీద వేలు పెట్టి "ఇది వచ్చినప్పుడు నీ ఊపిరి ఒక్క క్షణం ఆగింది" అన్నా. ఆయన ముందు ఏమీ మాట్లాడలా, తర్వాత మెల్లగా "ఆగిందిరా, నాకే తెలిసింది" అన్నాడు.

ఆగిందో లేదో నాకు తెలీదు. నేను ఆయన ఊపిరి చూడనే లేదు. కానీ ఆయనకి గుర్తొచ్చేసింది.

దీనికి దగ్గర పోలిక ఉన్న ప్రయోగం ఒకటి స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ వాళ్ళు చేశారు, పీటర్ జొహాన్సన్, లార్స్ హాల్ అనేవాళ్ళ బృందం, 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఇద్దరి ముఖాల ఫొటోలు రెండు చూపించి ఏది అందంగా ఉందో ఎంచుకోమంటారు, ఎంచుకున్న ఫొటో చేతికిస్తూ ఎందుకు నచ్చిందో చెప్పమంటారు, కొన్నిసార్లు మాత్రం పేక మ్యాజిక్‌లో వాడే చేతివాటంతోనే ఫొటో మార్చేసి, వద్దన్న మనిషిది ఇస్తారు. ఎక్కువసార్లు జనం కనిపెట్టలేకపోయారు. కనిపెట్టకపోవడం ఒక వింత అయితే, వద్దన్న ఫొటోని చేత్తో పట్టుకుని ఇది ఎందుకు నచ్చిందో కారణాలు కూడా చెప్పారు, ముందు ఎంచుకున్న మనిషికి లేని చెవిపోగులు నచ్చాయని చెప్పినవాళ్ళూ ఉన్నారు. మన ఇష్టానికి కారణం మనకి బాగా తెలుసనుకుంటాం గానీ చాలాసార్లు ముందు ఫలితం చూసుకుని దానికి సరిపడే కథ లోపల అప్పటికప్పుడు అల్లుకుంటాం. బాబాయి ఊపిరి కూడా అట్టా అల్లుకున్నదే.

ఇంకో రకం ఉంది, నువ్వు ఎంచుకున్నావనుకున్న ముక్క నువ్వు ఎంచుకున్నదే కాదు. మ్యాజిక్ చేసేవాళ్ళు దాన్ని ఫోర్స్ అంటారు. వేళ్ళతో ఎలా చేస్తారో ఇక్కడ రాయను, దాని మీద బతికేవాళ్ళున్నారు, వాళ్ళ అన్నం అది. కానీ అది మనసు మీద ఎంత గట్టిగా పనిచేస్తుందో చెప్పడానికి ఒక అంకె చాలు. కెనడా పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యాజిక్ తెలిసిన పరిశోధకుడు జనం ముందు పేకని చకచకా వదులుతూ కనబడ్డ వాటిలో ఒకటి అనుకోమంటాడు, ఒక ముక్క మాత్రం మిగతావాటికంటే కొంచెం ఎక్కువసేపు కంటికి ఆనుతుంది. 98 శాతం మంది ఆ ముక్కే అనుకున్నారు. దాదాపు అందరికీ తమ ఇష్టప్రకారమే ఎంచుకున్నాం అనిపించింది. అంతకుముందు వాళ్ళే చేసిన ఇంకో పరిశీలనలో అసలు పేకే చూపించకుండా ఏదో ఒక ముక్క పేరు చెప్పమంటే ఆటీను రాణి, ఇస్పేటు ఆసు లాంటి కొన్నిటినే జనం మాటిమాటికీ చెప్పారు. యాభై రెండూ మనకి సమానం అనుకుంటాం, మన మనసుకి మాత్రం కావు.

అయితే మోసపోవడం తెలివితక్కువతనం కాదు, దీన్ని నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నా. మా అక్క కొడుకు మూడేళ్ళవాడు, వాడికి కూడా ఆ రాత్రే ఒకటి చేశా, ఏనుగు బొమ్మ ముక్క అనుకున్నాడు, నేను ఏనుగు అని చెప్పేశా, వాడు "అవును, ఏనుగే" అని పరిగెత్తి వెళ్ళిపోయాడు. వాడికి ఆశ్చర్యం ఎందుకుండాలి? తనకి తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియకపోవచ్చు అనే సంగతి ఆ వయసు పిల్లలకి ఇంకా సరిగా పట్టుబడదు, వాడి లెక్కలో వాడికి తెలిసిందంటే మావయ్యకీ తెలుసు. నా మనసు నా ఒక్కడిదే, దానికి బయట్నుంచి తలుపు లేదు అని నమ్మాకే ఎవడన్నా లోపలికొస్తే ఉలిక్కిపడతాం. బాబాయి దానికి ఇంకో మెట్టు పైన ఉన్నాడు, యాభై రెండు ముక్కల్లో ఒకటి తగలడం ఎంత కష్టమో ఆయన ఒంటికి తెలుసు, ఒక్క జోకర్ కోసం గంటలు కూర్చున్న మనిషి. యాభై రెండు ముక్కలు ఎన్ని రకాల వరసల్లో ఉండొచ్చో రాస్తే 68 అంకెల సంఖ్య వస్తుంది. పేక గురించి ఎంత తెలిస్తే అంత అసాధ్యంగా కనపడుతుంది, అందుకే ఆ హాల్లో అందరికంటే ఎక్కువ ఆటగాడే అందరికంటే ఎక్కువ కదిలిపోయాడు. పైగా ఆయన కాపలా కాసిందంతా నా చేతుల్ని, చేతులు చేయాల్సింది ఆట మొదలైందని ఆయన అనుకునే లోపే అయిపోయింది.

చిన్నప్పుడు నాన్న విజయవాడ తీసుకెళ్ళి తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మ్యాజిక్ షో చూపించాడు, పెట్టెలో మనిషిని పెట్టి రెండుగా కోశారు, చప్పట్లు కొట్టాం, బయటికొచ్చి పునుగులు తిన్నాం, ఆ పెట్టెలో ఏదో ఉంటుందిలే అని నాకు ఆ వయసులోనే తెలుసు. పేక అట్టా కాదు, అది మన ఇంట్లోదే, బాబాయి జేబులోదే. కోసినట్టు చూపించింది మనల్ని కాదు, ఎవరినో. ఇక్కడ చేయిపెట్టింది నా లోపల.

అదే ఊళ్ళో కృష్ణలంకలో మా అమ్మమ్మ ఇంటికి సోది చెప్పే ఆమె వచ్చేది. "నీది పెద్ద చెయ్యి తల్లీ, ఎంత పెట్టినా పేరు రాదు, అయినవాళ్ళే అడ్డం తిరుగుతారు, నీ కడుపులో ఒక దిగులుంది, ఎవరికీ చెప్పుకోవు" అనేది, అమ్మమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకునేది. ఆ మాట ఆ వీధిలో ఏ ఇంట్లో చెప్పినా అక్కడా ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకునేవాళ్ళే. బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజీ మాస్టారు 1948లో తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి వ్యక్తిత్వం గురించి వాళ్ళకే ప్రత్యేకంగా రాశానని కాగితాలు పంచాడు, సున్నా నుంచి ఐదు లోపల ఎంత నిజమో మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, జాతకాల పుస్తకంలోంచి తీసిన వాక్యాలు. సోదికీ ముక్కకీ తేడా ఏంటంటే సోది అందరికీ సరిపోతుంది, ముక్క ఒక్కరికే సరిపోతుంది. ఇప్పుడు ఆ రెంటినీ కలపండి. "నువ్వు లోపలిది బయటికి చెప్పవు, అందుకే నల్ల ముక్క అనుకున్నావు, కళావరు ఏడు" అన్నామనుకోండి, ముక్క నిజమైంది కాబట్టి ముందు మాట కూడా నిజం అయిపోతుంది, చూసేవాళ్ళు రెంటికీ కలిపి ఒకటే రసీదు ఇచ్చేస్తారు. నాకు భయం వేసేది ఈ చోటే.

ఎందుకంటే ఇప్పుడు మంత్రం అని ఎవరూ అనరు. చదువుకున్నవాళ్ళ ముందు బాడీ లాంగ్వేజ్ అంటారు, కళ్ళ కదలికలు అంటారు, సబ్‌కాన్షస్ అంటారు, నేను బాబాయి దగ్గర ఊపిరి అన్నట్టే. కారణం చెప్పామనిపిస్తుంది, సైన్సులా వినిపిస్తుంది, చూసేవాళ్ళు ఇంకో కారణం వెతకడం మానేస్తారు. మంత్రం అంటే కొట్టిపారేసే ఇంజనీరు బాడీ లాంగ్వేజ్ అంటే తల ఊపుతాడు. వేదిక మీద వినోదం కోసం అంటే నాకే అభ్యంతరం లేదు, నేనూ అదే చేశా, కానీ వేదిక దిగాక కూడా అదే మాట చెప్పి ఎవరి పెళ్ళి సంబంధమో ఎవరి వ్యాపారమో తేల్చే పని పెట్టుకుంటే అది మ్యాజిక్ కాదు. విజయవాడ పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ ఏం లేదు, మీరూ నడవొచ్చు అని జనాన్ని నడిపించి చూపించారు. నిప్పుల సంగతి కాలితో తేలిపోతుంది, మనసు చదివాడన్న సంగతి అంత తేలిగ్గా తేలదు, చూసినవాడి జ్ఞాపకమే అవతలివైపు సాక్ష్యం చెప్తుంది.

ఇంకో రెండు సంగతులు చెప్పి వదిలేస్తా. చాన్ కెనాస్టా అని పోలండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్నాయన ఉండేవాడు, 1950ల్లో బీబీసీ టీవీలో ముక్కలతో మనసు చదివేవాడు. కెనాస్టా అనేది మన రమ్మీ కుటుంబంలోని ఆటే, ఆ పేరు పెట్టుకున్నాడు. ఆయన ప్రయోగాలు కొన్నిసార్లు తప్పేవి, టీవీలో అందరి ముందే తప్పేవి, అది ఆయన్ని దెబ్బతీయలేదు సరికదా జనానికి నమ్మకం పెంచింది. ట్రిక్ అయితే తప్పదుగా, తప్పిందంటే నిజంగానే కష్టపడుతున్నాడు అనుకున్నారు. ఇక డై వెర్నన్ అనే కెనడా ఆయన, కార్డ్ మ్యాజిక్‌లో ఆయన మాటకి ఎదురుండేది కాదు, ఆయన ట్రిక్కు ఒకదాని పేరే వివరించలేనిది అని. దానికి ఖాయమైన ముగింపు ఉండదు, అనుకున్న ముక్క ఏది, అది ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు అసలు చేయాలనుకున్నది ఇదే అన్నట్టు ముగిస్తారు. బాబాయి మూడో కోతలో ఆయన ముక్క నెత్తిమీదకొచ్చి ఉంటే నేను మిగతావేవీ తిప్పేవాణ్ణి కాదు, పై ముక్క ఒక్కటి తిప్పమనేవాణ్ణి, అప్పుడాయన ఊపిరి సంగతి ఎప్పటికీ వినేవాడు కాదు. ముగింపు ఏంటో ముందు తెలియని మనిషి ఏ ముగింపు వచ్చినా అదే గురి అనుకుంటాడు.

పదహారు రోజుల పండగకి మళ్ళీ అందరం కలిశాం. అత్త అప్పటికీ నా దగ్గర కూర్చోవడానికి కొంచెం జంకుతోంది, అది నాకు మనసులో ముల్లులా ఉంది, అందుకని లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఇరవై ఒక్క ముక్కలూ పరిచి మొత్తం చెప్పేశా. కాసేపు ముక్కల వంకే చూసింది. "అంటే నేనే చెప్పానన్నమాట" అంది. అవునత్తా, మూడుసార్లు అన్నా. ఏమీ అనకుండా ముక్కలు తీసుకుని తనే పరిచింది, ఒకసారి తప్పింది, మళ్ళీ పరిచింది, చెప్పిన వరసని మధ్యలో పెట్టడం మర్చిపోతోంది, అది సరిచేశా. నాలుగోసారికి చెయ్యి తిరిగింది. లేచి హాల్లోకెళ్ళి "ఒరేయ్ తమ్ముడూ, ఇటొచ్చి కూర్చో, ఒక ముక్క అనుకో, పేరు చెప్పమాక" అంది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, అక్క ముక్కలు పరుస్తుంటే రెండు కళ్ళూ ఆమె వేళ్ళ మీద పెట్టి, రెప్ప వేయకుండా చూస్తూ, "రెండో వరస" అన్నాడు.